ట్రాక్‌కీ రోడ్డుకీ ఒకటే కారు: తేలిక ఫ్లైవీల్ వెయ్యొచ్చా?

మూడో_పెడల్
కారు మాజ్దా ఎంఎక్స్-5, మొదటి తరం, 1.8 ఇంజన్, ఐదు గేర్లు. వారమంతా ఆఫీసుకి దీంట్లోనే, వీలు చిక్కితే ట్రాక్ డేకి కూడా దీంట్లోనే. క్లచ్ జారడం మొదలైంది కాబట్టి ఎలాగూ గేర్‌బాక్స్ దించాలి. పనిలో పనిగా తేలికపాటి ఫ్లైవీల్ (ఇంజన్ వెనక చివర తిరిగే బరువైన చక్రం, క్లచ్ ఆనేది దీని మీదే) కూడా వేసేద్దామా అని చూస్తున్నాను.

ఇప్పుడున్నది ఎనిమిది కిలోల దాకా ఉంటుంది. నా ముందున్నవి మూడు దారులు. ఐదు కిలోల క్రోమోలీ (క్రోమియం, మాలిబ్డినం కలిపిన) స్టీలుది, నాలుగు కిలోల లోపు ఉండే అల్యూమినియంది, లేదా ఉన్నదాన్నే లేత్ మీద కోయించడం.

ఎవర్ని కదిపినా రెండే మాటలు. ఒకరు "వేశాక కారే మారిపోయింది" అంటారు, ఇంకొకరు "ట్రాఫిక్‌లో ఏడుస్తావు" అంటారు. ఎంత మారుతుంది, ఏ గేర్లో మారుతుంది, ఎందుకు ఏడవాలి, ఇవి మాత్రం ఎవరూ చెప్పరు. పవర్ పెరుగుతుందా లేదా? వాడినవాళ్ళు కాస్త వివరంగా రాయండి.

రెడ్‌లైన్_రాజు
వేసెయ్ బ్రో. యాక్సిలరేటర్ మీద కాలు ఆనిస్తే చాలు, ఇంజన్ చుట్లు చూపే సూది లేస్తుంది. ఆ సౌండ్ ఒక్కసారి విన్నాక పాతది మళ్ళీ పెట్టబుద్ధి కాదు.

నిదానమే_ప్రధానం
న్యూట్రల్‌లో సూది లేపుకుని చూసుకోడానికైతే బాగానే ఉంటుంది. కారు కదలాలంటే గేర్లో వెయ్యాలిగా రాజూ.

లెక్కల_పిచ్చి
పవర్ పెరగదు. ముందు ఈ ఒక్కటి తేల్చుకుంటే సగం గొడవ తగ్గుతుంది. ఇంజన్ పుట్టించే శక్తిలో కొంత కారుని నెట్టడానికి పోతుంది, కొంత ఇంజన్ తన సొంత బరువుల్ని ఇంకా వేగంగా తిప్పుకోడానికి ఖర్చవుతుంది. ఫ్లైవీల్ తేలికైతే ఆ రెండో ఖర్చు తగ్గుతుంది. అదీ వేగం పెరుగుతున్నంతసేపే. ఒకే వేగంలో వెళ్తుంటే తేడా సున్నా. టాప్ స్పీడ్ మారదు.

లాభం ఎంత అన్నది గేరుని బట్టి ఉంటుంది, అదీ గేరు నిష్పత్తి వర్గాన్ని బట్టి. మూడో_పెడల్ గారి కారుకే వేసి చూద్దాం. గేర్లు 3.136, 1.888, 1.330, 1.000, 0.814. ఫైనల్ డ్రైవ్ (గేర్‌బాక్స్ తర్వాత చక్రాల ముందుండే చివరి గేరు) 4.1. టైరు వ్యాసార్థం 29 సెంటీమీటర్లు అనుకుందాం. తీసేసిన మూడు కిలోలూ సగటున కేంద్రానికి 11 సెంటీమీటర్ల దూరంలో ఉండేవి అనుకుందాం. అప్పుడు తగ్గిన జడత్వం (తిరిగే వేగం మారకుండా అడ్డుకునే గుణం) 3 × 0.11 × 0.11, అంటే 0.036. గేరునీ ఫైనల్ డ్రైవ్‌నీ హెచ్చించి, ఆ అంకెను వర్గం చేసి, దాంతో 0.036ని హెచ్చించండి. టైరు వ్యాసార్థం వర్గంతో భాగించండి. కారులోంచి ఎన్ని కిలోలు దించినట్టయిందో వస్తుంది.

మొదటి గేర్లో 71 కిలోలు. రెండులో 26. మూడులో 13. నాలుగులో 7. ఐదులో 5 కూడా లేదు.

కాబట్టి సిగ్నల్ దగ్గర కదిలేటప్పుడు "కారే మారిపోయింది" అన్నవాడు అబద్ధం చెప్పట్లేదు. ట్రాక్ మీద మూడు, నాలుగు గేర్లలో లాగేటప్పుడు ల్యాప్ టైమ్ పడిపోతుందని ఆశపడితే మాత్రం 7, 13 కిలోలకి ఎంత పడుతుందో అంతే.

మూడో_పెడల్
ఈ లెక్క ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు, థాంక్స్. ఆ 11 సెంటీమీటర్లు ఎక్కడి నుంచి వచ్చింది?

లెక్కల_పిచ్చి
అంచు దగ్గర కోశారనుకుని వేసుకున్న అంచనా. అసలు విషయం అక్కడే ఉంది. అదే మూడు కిలోలు మధ్యలో, 5 సెంటీమీటర్ల దగ్గర తీస్తే జడత్వం 0.0075 మాత్రమే తగ్గుతుంది. మొదటి గేర్లో కూడా 15 కిలోలు దాటదు. అమ్మేవాళ్ళు "ఇన్ని కిలోలు తక్కువ" అని బరువు ఒక్కటే రాస్తారు. ఆ బరువు ఎక్కడ తగ్గిందో అడగండి. బరువు ఎక్కువున్న ఫ్లైవీల్ కూడా అంచు సన్నగా ఉంటే చురుగ్గా తిరగొచ్చు.

లేత్_మామయ్య
లెక్కలాయన చెప్పింది నిజం. మధ్యలో కోసి బరువు తగ్గించామని చెప్పే పనులు చాలా చూశాను. తక్కెడకి తేడా తెలుస్తుంది, ఇంజన్‌కి తెలియదు.

ఇక కోయించడం గురించి. బాబూ, నీ పాతది పోత ఇనుమే అయ్యుంటుంది. పోత ఇనుము నొక్కుడుకి గట్టిది, లాగుడుకి కాదు. లోపల గ్రాఫైట్ రేకుల్లా ఉంటుంది, పగులు మొదలవ్వడానికి ఆ రేకుల కొనలే చాలు. తిరిగే చక్రాన్ని లాగే బలం ఆర్పీఎం (నిమిషానికి చుట్లు) వర్గంతో పెరుగుతుంది. 5000 దగ్గర ఉన్న ఒత్తిడి 7000కి వెళ్ళేసరికి దాదాపు రెట్టింపు. క్లచ్ జారి వేడెక్కిన పోత ఇనుములో సన్నని పగుళ్ళు ముందే ఉంటాయి. అలాంటిదాన్ని పల్చగా కోసి రెడ్‌లైన్‌లో తిప్పితే ముక్కలై పోయిందంటే క్లచ్ చుట్టూ ఉండే తొడుగు, బెల్‌హౌసింగ్, ఆపలేదు. ఆ ముక్కలు వచ్చేది నీ కాళ్ళ మీదకే.

రోడ్డు బండికి వెనకవైపు అంచులో కొద్దిగా తీస్తే పరవాలేదు. ట్రాక్ బండి అంటున్నావు కాబట్టి పోత ఇనుము కోయమని నా దగ్గరికి వస్తే నేను కొయ్యను.

బోల్టు_బాబ్జీ
మామయ్యా, మా బ్యాచ్‌లో ఒకడు కోయించిన ఇనుప ఫ్లైవీల్‌తో ఎన్నాళ్ళుగానో తిరుగుతున్నాడు. ఏమీ కాలేదు. కొంచెం ఎక్కువ భయపెడుతున్నారేమో.

లేత్_మామయ్య
ఏమీ కానివాళ్ళే వచ్చి చెప్తారు బాబ్జీ. అయినవాళ్ళు కాలు కట్టు విప్పుకున్నాక చెప్తారు. కొత్తది కొనేటప్పుడు ఎస్ఎఫ్ఐ 1.1 ముద్ర ఉందా అని చూడటం కూడా ఇందుకే. ఎక్కువ ఆర్పీఎంలో పగలకుండా నిలబడిందని పరీక్షించాకే ఆ ముద్ర వస్తుంది.

బోల్టు_బాబ్జీ
సరే, రేపే వాడికి ఈ లింక్ పంపిస్తా. మళ్ళీ నిద్రపోడు.

సిగ్నల్_బాధితుడు
నా ఓటు "ఏడుస్తావు" బ్యాచ్‌కి. నా హ్యాచ్‌బ్యాక్‌లో అల్యూమినియం ఫ్లైవీల్, ఆరు ముక్కల మెటల్ క్లచ్ ప్లేట్. ట్రాఫిక్‌లో అంగుళం అంగుళం కదలాలంటే ఇంజన్ ఆగిపోతుంది, లేదా కారు గెంతుతుంది. ఎత్తు మీద ఆగితే వెనకవాడికి ముందే చేయి ఊపి సారీ చెప్పేస్తాను. పార్కింగ్‌లో రివర్స్ చేస్తుంటే జనం ఆగి చూస్తారు.

హీల్‌టో_హరి
మీరు తిట్టాల్సింది ఫ్లైవీల్‌ని కాదు, ఆ క్లచ్ ప్లేట్‌ని. ముక్కల మెటల్ ప్లేటు సగం పట్టడం అనేది ఎరగదు, పడితే పూర్తిగా పడుతుంది. నా కారులో తేలిక స్టీలు ఫ్లైవీల్‌తో మామూలు ఆర్గానిక్ (లోహం బదులు పీచు పొర ఉన్న) ప్లేటు ఉంది, మధ్యలో స్ప్రింగులున్నది. మా ఇంట్లో అందరూ నడుపుతారు. మొదట్లో ఆగిపోయేది, తర్వాత కాలికే అలవాటైంది.

సిగ్నల్_బాధితుడు
అదే ప్లేటు పాత ఫ్లైవీల్‌తో కొన్నాళ్ళు నడిపాను హరి గారూ. బాగుందని అనను, కానీ ఇంత కాదు. ఫ్లైవీల్ మారాకే భరించలేనట్టయింది.

లెక్కల_పిచ్చి
ఇద్దరి మాటా నిజమే అవ్వచ్చు. కదిలే క్షణంలో మనం వాడుకునేది ఫ్లైవీల్లో దాచుకున్న శక్తిని. క్రాంకు (పిస్టన్లు తిప్పే ఇరుసు), ఫ్లైవీల్, క్లచ్ కవర్ అన్నీ కలిపి జడత్వం 0.12 అనుకుంటే 1500 ఆర్పీఎం దగ్గర సుమారు 1480 జౌళ్ళు ఉంటాయి. 0.036 తీసేస్తే 1040 దాకా మిగులుతాయి. 1100 కిలోల కారు గంటకి 5 కిలోమీటర్ల వేగం అందుకోవాలంటే కావలసింది 1060 జౌళ్ళు. అంటే నడక వేగంలో ఈ 440 జౌళ్ళ లోటు చిన్నది కాదు. దాన్ని పూడ్చాలంటే ఇంకొంచెం ఎక్కువ రెవ్స్ ఇవ్వాలి, లేదా క్లచ్‌ని ఇంకొంచెంసేపు జారనివ్వాలి. ఆర్గానిక్ ప్లేటు జారనిస్తుంది, మెటల్ ముక్కలు జారనివ్వవు. లోటు ఒకటే, ప్లేటుని బట్టి బాధ మారింది.

నిదానమే_ప్రధానం
ఎక్కువసేపు జారితే క్లచ్ త్వరగా అరుగుతుంది, అది కూడా రాయండి. డ్రాగ్ రేసులవాళ్ళు బరువైన ఫ్లైవీల్ ఉంచుకునేది కూడా ఇందుకే. లైను దగ్గర కదిలించడానికి దాచుకున్న శక్తి కావాలి కదా.

బురద_బైకు
నేను కార్లవాణ్ణి కాదు, ఎండ్యూరో బైకు నడుపుతాను. మా దగ్గర వ్యవహారం తలకిందులు. సింగిల్ సిలిండర్ బైకులకి ఫ్లైవీల్ బరువు ఇంకా కలుపుతారు. రాళ్ళ మీద నెమ్మదిగా వెళ్తుంటే ఇంజన్ ఆగకూడదు, బురదలో వెనక చక్రం ఒక్కసారిగా తిరిగిపోకూడదు. అందుకని బరువు తగ్గితే మంచిదే అనే మాట అన్ని చోట్లా చెల్లదు.

రెడ్‌లైన్_రాజు
అడిగింది ట్రాక్ కారు గురించి, మీరు బురదలోకి లాక్కెళ్ళారు.

హీల్‌టో_హరి
ట్రాక్ గురించే రాస్తాను, ఇది ఇంతవరకూ ఎవరూ ముట్టుకోలేదు. లెక్కల పిచ్చి గారు చెప్పినట్టు మూడు, నాలుగు గేర్లలో లాగుడు పెద్దగా మారదు. మారేది బ్రేకింగ్ జోన్‌లో.

ఈ కారు గేర్లతోనే చూడండి. నాలుగులో 5000 ఆర్పీఎం దగ్గర ఉండి మూడులోకి దిగాలంటే ఇంజన్ 6650కి లేవాలి. మూడులో 4500 నుంచి రెండుకి దిగాలంటే 6400 దాకా లేవాలి. బ్రేకు నొక్కి ఉన్న కాలి మడమతోనే ఆ బ్లిప్ (యాక్సిలరేటర్ మీద చిన్న తట్టు) ఇవ్వాలి, దీన్నే హీల్ అండ్ టో అంటారు. బరువైన ఫ్లైవీల్ అయితే బ్లిప్ ఎక్కువసేపు ఇవ్వాలి, అంతసేపూ బ్రేకు మీద ఒత్తిడి నిలకడగా ఉండదు. తేలికదైతే చిన్న తట్టుతో అయిపోతుంది, కాలు బ్రేకు పని చూసుకుంటుంది. బ్లిప్ సరిగ్గా పడకపోయినా వెనక టైర్లు ఆ కొద్ది జడత్వాన్నే లాక్కోవాలి కాబట్టి వెనక చక్రాలు లాక్ అయ్యే కుదుపు తగ్గుతుంది. వెనక చక్రాల డ్రైవ్ కారులో, తడి ట్రాక్ మీద ఇది చాలా పెద్ద సంగతి.

దీనికి రెండో వైపు కూడా ఉంది. రెండులో 7000 దాకా లాగి మూడులో వేస్తే ఇంజన్ 4930కి దిగాలి. బరువైన ఫ్లైవీల్‌తో అది తీరిగ్గా దిగుతుంది, మీరూ తీరిగ్గా వెయ్యొచ్చు. తేలికదైతే ఠక్కున పడిపోతుంది. చెయ్యి నెమ్మదిగా కదిలిందంటే రెవ్స్ ఇంకా కిందికి పోయి క్లచ్ వదిలేసరికి కారు తలాడిస్తుంది. ట్రాక్ మీద వేగంగా వేస్తారు కాబట్టి హాయి. ఆఫీసు నుంచి అలిసిపోయి ఇంటికొచ్చేటప్పుడు అంత హాయి కాదు.

మూడో_పెడల్
ఇది నాకు నిజంగా పనికొచ్చే మాట. నా హీల్ అండ్ టో ఇంకా అంతంతమాత్రమే. బ్లిప్ తేలికవుతుందంటే అదొక్కటే చాలు నాకు.

బోల్టు_బాబ్జీ
గేర్‌బాక్స్ సింక్రోలకి (గేర్ల వేగాల్ని కలిపే రింగులకి) కూడా మంచిది. తిప్పాల్సిన బరువు తగ్గుతుంది కదా.

లేత్_మామయ్య
లేదు. క్లచ్ నొక్కినప్పుడు ఫ్లైవీల్ ఇంజన్ వైపే ఉండిపోతుంది. సింక్రో తిప్పాల్సింది ఇన్‌పుట్ షాఫ్ట్‌నీ దాని మీదున్న క్లచ్ ప్లేటునీ. సింక్రోలు బాగుండాలంటే తేలిక ప్లేటు వెయ్యి. ఫ్లైవీల్‌తో వాటికి సంబంధం లేదు.

బోల్టు_బాబ్జీ
పోనీ డైనో (శక్తి కొలిచే యంత్రం) మీద ఐదారు హార్స్‌పవర్ పెరిగిందని గ్రాఫులు పెడతారు, అవో?

లెక్కల_పిచ్చి
రోలర్‌ని వేగం పెంచుతూ కొలిచే ఇనర్షియా డైనో అయితే కొంత పెరిగినట్టు కనిపిస్తుంది. ఇంజన్ తనని తాను తిప్పుకునే ఖర్చు తగ్గి ఆ మిగులు రోలర్‌కి చేరుతుంది. తక్కువ గేర్లో పరుగు తీస్తే ఇంకా బాగా కనిపిస్తుంది. ఆర్పీఎంని ఒకచోట పట్టి ఉంచి కొలిచే డైనో మీద ఏమీ కనిపించదు. గ్రాఫు చూపిస్తే ఏ డైనో, ఏ గేరు అని అడుగు. జవాబు రాకపోతే గ్రాఫు మడిచి జేబులో పెట్టుకో.

టార్క్_తాతారావు
నాది టర్బో డీజిల్ సెడాన్. డ్యూయల్ మాస్ ఫ్లైవీల్ పోయింది, కొత్తది బాగా ఖరీదు. దాని బదులు తేలిక సింగిల్ మాస్ వేస్తే డబ్బూ మిగులుతుంది, పికప్పూ వస్తుందని మెకానిక్ అంటున్నాడు.

హీల్‌టో_హరి
డీజిల్‌కి వద్దు తాతారావు గారూ. డ్యూయల్ మాస్ అంటే రెండు చక్రాలు, మధ్యలో వంపు తిరిగిన స్ప్రింగులు. లూక్ కంపెనీ 1985లో దాన్ని మార్కెట్‌లోకి తెచ్చింది. నాలుగు సిలిండర్ల ఇంజన్ ఒక్క చుట్టులో రెండుసార్లు పేలుతుంది, పేలినప్పుడల్లా క్రాంకు ఒక్క క్షణం ఉరికి మళ్ళీ నెమ్మదిస్తుంది. డీజిల్‌లో ఆ దెబ్బలు ఇంకా బలంగా ఉంటాయి. స్ప్రింగులు వాటిని గేర్‌బాక్స్ దాకా పోనివ్వవు. అవి తీసేసి పైగా తేలిక చక్రం వేస్తే దెబ్బలన్నీ నేరుగా గేర్ల పళ్ళ మీద పడతాయి. న్యూట్రల్‌లో డబ్బాలో గులకరాళ్ళు ఊపినట్టు గలగలలాడుతుంది.

టార్క్_తాతారావు
అంటే శబ్దమే కదా, పాటలు పెట్టుకుంటా.

లేత్_మామయ్య
శబ్దం ఒక్కటే అయితే పెట్టుకోవచ్చు. ఆ దెబ్బలు తినేది షాఫ్టులూ బేరింగులూ కూడా. పెట్రోల్ కారులో డ్యూయల్ మాస్ తీసి సింగిల్ వేసేవాళ్ళు మధ్యలో స్ప్రింగులున్న ప్లేటు తప్పకుండా వెయ్యాలి. డ్యూయల్ మాస్‌తో వచ్చే ప్లేట్లు చాలావాటికి స్ప్రింగులుండవు, ఆ పని ఫ్లైవీలే చేస్తుంది కాబట్టి. పాత ప్లేటు బాగానే ఉందని దాన్నే మళ్ళీ పెట్టకండి.

గాలి_చల్లని_911
ఈ తగువు కంపెనీలకీ కొత్తది కాదు. పోర్షే 911 కారు 964 తరంలో మామూలు కారెరాకి డ్యూయల్ మాస్ ఇచ్చి, రేసు తరహా ఆర్ఎస్‌కి తేలిక సింగిల్ మాస్ పెట్టారు. రెవ్స్ పడిపోయి ఇంజన్ ఆగిపోతుందని ఆ ఆర్ఎస్‌కి అప్పట్లోనే పేరు. చాలా ఏళ్ళ తర్వాత 2016లో 911 ఆర్ తెచ్చినప్పుడు సింగిల్ మాస్‌ని ఆప్షన్‌గా ఇచ్చారు. కావలసినవాడు అడిగి తీసుకుంటాడు, వద్దన్నవాడి కారు గలగలలాడదు.

నిదానమే_ప్రధానం
డబ్బు పోసి మరీ గలగల కొనుక్కున్నారన్నమాట.

గాలి_చల్లని_911
ఆ గలగల వినిపిస్తేనే అసలైన కారు అనేవాళ్ళున్నారు స్వామీ. మీకు అర్థం కాదు.

చెక్_ఇంజన్_లైట్
నా అనుభవం వేరే రకం. ఫ్లైవీల్ మార్చాక కారు బాగానే నడుస్తోంది, కానీ చెక్ ఇంజన్ లైటు వెలిగి ఆరదు. కోడ్ పీ0300, ఒకటి కంటే ఎక్కువ సిలిండర్లలో మిస్‌ఫైర్ (ఇంధనం మండకపోవడం) అని. ప్లగ్గులు, కాయిల్స్ మార్చాను, ఇంజెక్టర్లు కడిగించాను. మిస్‌ఫైర్ ఎక్కడా లేదు.

లెక్కల_పిచ్చి
లేని మిస్‌ఫైర్‌ని ఈసీయూ (ఇంజన్‌ని నడిపే కంప్యూటర్) చూస్తోంది. అది మిస్‌ఫైర్ కనిపెట్టేది క్రాంకు వేగంలో హెచ్చుతగ్గులు కొలిచి. సిలిండర్ పేలకపోతే ఆ భాగంలో క్రాంకు నెమ్మదిస్తుంది, అది చూసి కోడ్ పెడుతుంది. బరువైన ఫ్లైవీల్ కుమ్మరి సారెలా ఊపు నిలుపుకుంటుంది కాబట్టి మామూలు హెచ్చుతగ్గులు అణిగిపోతాయి. తేలికదైతే మామూలు పేలుళ్ళ మధ్య తేడాలే పెద్దవిగా కనిపిస్తాయి. ఈసీయూలో ఉన్న హద్దులు పాత జడత్వానికి పెట్టినవి. ట్యూనింగ్ చెయ్యగలిగినవాళ్ళు ఆ హద్దుల్ని మారుస్తారు. చిక్కేమిటంటే అప్పుడు నిజమైన మిస్‌ఫైర్ కూడా కొంత దాటిపోవచ్చు, దాంతో పొగని శుద్ధి చేసే కెటలిటిక్ కన్వర్టర్ కాలిపోవచ్చు. లైటు బల్బు పీకేసే ఆలోచన మాత్రం వద్దు.

చెక్_ఇంజన్_లైట్
నల్ల టేపు అంటించా ఇప్పటికి.

రోటరీ_రంగ
ఇంకో జాగ్రత్త. కొన్ని ఇంజన్లలో ఫ్లైవీల్ బ్యాలెన్సింగ్‌లో భాగం. మా మాజ్దా రోటరీల్లో (పిస్టన్ల బదులు రోటర్లు తిరిగే ఇంజన్లలో) మాన్యువల్ కారు ఫ్లైవీల్‌కే వెనక కౌంటర్‌వెయిట్ (సమతూకం కోసం పెట్టే బరువు) కలిసి ఉంటుంది. తేలికది వెయ్యాలంటే ఆటోమేటిక్ కారులో వచ్చే విడి కౌంటర్‌వెయిట్ తెచ్చి, దాని మీద బిగించాలి. అదీ మీ ఇంజన్‌కి సరిపోయేదే. కొన్ని పాత అమెరికన్ వీ8లు కూడా ఇలాగే, ఫోర్డ్ 302లో 1981 దాకా ఒక లెక్క, తర్వాత వేరే లెక్క. మూడో_పెడల్ గారి నాలుగు సిలిండర్ల ఇంజన్‌కి ఈ గొడవ లేదు. ఈ థ్రెడ్ చదివి వేరే కారుకి వేసేవాళ్ళ కోసం రాస్తున్నా.

బోల్టు_బాబ్జీ
క్రాంకు సెన్సర్ పళ్ళు ఫ్లైవీల్ మీదే ఉండే ఇంజన్లూ ఉన్నాయి. కొత్తదానికి అవే పళ్ళు అదే చోట ఉన్నాయో లేదో చూసుకోకపోతే స్టార్టే అవ్వదు.

రెడ్‌లైన్_రాజు
పనిలో పనిగా ముందువైపు క్రాంకు పుల్లీ కూడా అల్యూమినియంది వేసెయ్. రెండు చివర్లా బరువు తగ్గుతుంది.

లేత్_మామయ్య
అది మాత్రం వద్దు. రబ్బరు పొర ఉన్న ముందు పుల్లీ అంటే అది బెల్టు తిప్పే పుల్లీ ఒక్కటే కాదు, డ్యాంపర్ కూడా. క్రాంకు ప్రతి పేలుడుకీ సన్నగా మెలి తిరిగి వదులుతుంది. ఆ మెలిక ఒక ఆర్పీఎం దగ్గర పెరిగిపోకుండా ఆ రబ్బరే అణుస్తుంది. వెనక ఫ్లైవీల్ జడత్వం మార్చినప్పుడే ఆ ఆర్పీఎం కొంచెం జరుగుతుంది. అప్పుడు ముందున్న డ్యాంపర్ కూడా పీకేస్తే ఆయిల్ పంపు గేర్లూ క్రాంకూ పరీక్షకి కూర్చున్నట్టే. రబ్బరు పగిలి ఉంటే కొత్త డ్యాంపర్ కొను, అంతే.

రెడ్‌లైన్_రాజు
మామయ్య ఉన్నంతకాలం ఈ ఫోరంలో ఎవరి కారూ తేలికపడదు.

మూడో_పెడల్
ఇంతవరకూ చదివి ఇలా అనుకుంటున్నాను. కోయించడం మానేశాను. క్రోమోలీ స్టీలుది, ఎస్ఎఫ్ఐ ముద్ర ఉన్నది. దానికి స్ప్రింగులున్న ఆర్గానిక్ ప్లేటు, కొంచెం గట్టి ప్రెషర్ ప్లేటు (క్లచ్ ప్లేటుని ఫ్లైవీల్‌కి నొక్కిపట్టేది). పుల్లీ జోలికి పోను. అల్యూమినియం ఎందుకు వద్దనుకున్నానంటే రోజూ ట్రాఫిక్‌లో నడవాలి. ఈ ఎంపికలో లోపం ఏమైనా ఉందా?

హీల్‌టో_హరి
బాగుంది. అల్యూమినియం వేడిని బాగా లాగేస్తుంది, ఆ మాట నిజమే. కానీ క్లచ్ ఆనే ముఖం స్టీలు పలక, దాన్ని అల్యూమినియానికి స్క్రూలతోనో రివెట్లతోనో బిగిస్తారు. వేడికి అల్యూమినియం స్టీలుకి దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది. ట్రాఫిక్‌లో క్లచ్ జార్చి జార్చి కాల్చేవాడికి ఆ బిగింపు మీద నాకు అంత నమ్మకం లేదు. ట్రాక్‌కే పరిమితమైన కారుకి అయితే వేసుకోవచ్చు.

ఇంకోటి. ఏసీ ఉంటే ఐడ్లింగ్ ఒక వంద ఆర్పీఎం పెంచి చూడు. వేగంగా వచ్చి క్లచ్ నొక్కి సిగ్నల్ దగ్గర ఆగేటప్పుడు రెవ్స్ ఐడ్లింగ్ కంటే కిందికి దూకుతాయి, అదే సమయానికి కంప్రెసర్ పట్టుకుందంటే ఇంజన్ ఆగిపోతుంది. థ్రాటిల్ బాడీ, ఐడిల్ వాల్వ్ ముందే శుభ్రం చేసుకుంటే సగం బాధ పోతుంది.

సిగ్నల్_బాధితుడు
ఆర్గానిక్ ప్లేటు అన్నావు కాబట్టి నా శాపం వెనక్కి తీసుకుంటున్నా. నేనూ అదే ప్లేటుకి మారదామని చూస్తున్నా, ఎలా ఉందో ఇక్కడ రాయి.

లేత్_మామయ్య
బిగించేటప్పుడు చూసుకోవాల్సినవి కొన్ని. ఫ్లైవీల్నీ ప్రెషర్ ప్లేటునీ కలిపి బ్యాలెన్స్ చేయించు, ఏది ఎక్కడ కూర్చుందో గీత గీసుకో, బిగించేటప్పుడు ఆ గీతలే కలవాలి. గేర్‌బాక్స్ దిగి ఉంది కాబట్టి క్రాంకు వెనక ఆయిల్ సీల్, పైలట్ బేరింగ్, రిలీజ్ బేరింగ్ కొత్తవి వెయ్యి. వాటి కోసం మళ్ళీ దించడమంత దండగ పని లేదు. ఫ్లైవీల్ బోల్టులు కొత్తవి. కొన్ని ఇంజన్లలో వాటిని సాగేదాకా బిగిస్తారు, మళ్ళీ వాడకూడదు. చాలా ఇంజన్లలో ఆ బోల్టు రంధ్రాలు లోపల ఆయిల్ దాకా వెళ్తాయి, బోల్టు మరలకి సీలెంట్ పూయకపోతే ఆయిల్ కారి కొత్త క్లచ్ తడుస్తుంది. అప్పుడు అందరూ పాపం సీల్‌ని తిడతారు.

క్రాంకు అంచూ ఫ్లైవీల్ వెనక ముఖమూ అద్దంలా తుడువు. చిన్న తుప్పు పొక్కు ఉన్నా చక్రం వంకరగా కూర్చుంటుంది. ఎదురెదురు బోల్టులు విడతలుగా బిగించు, టార్క్ అంకె నీ కారు మాన్యువల్లోదే వాడు. బిగించాక డయల్ గేజ్ పెట్టి ముఖం ఎంత ఊగుతుందో చూడు. చాలా మాన్యువల్స్‌లో ఈ హద్దు 0.1 నుంచి 0.2 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది.

నిదానమే_ప్రధానం
కొత్త ప్లేటు కదా, మొదటి 500 నుంచి 800 కిలోమీటర్లు మామూలు రోడ్డు మీదే, మెత్తగా. ఆదివారం బిగించి సోమవారం ట్రాక్‌కి వెళ్ళకు.

మూడో_పెడల్
గేర్‌బాక్స్ దించాం, కొత్త ఫ్లైవీల్ బిగించాం. మామయ్య గారూ, గేజ్ పెట్టి తిప్పుతుంటే అంకె నిలవట్లేదు. ఒకసారి 0.05, ఇంకోసారి అదే చోట 0.2. బోల్టులు అన్నీ సరైన టార్క్‌లోనే ఉన్నాయి.

లేత్_మామయ్య
అదే చోట రెండు అంకెలు వస్తుంటే ఊగేది చక్రం కాదు, క్రాంకు ముందుకీ వెనక్కీ జరుగుతోంది. దానికి థ్రస్ట్ బేరింగుల దగ్గర కొంచెం ఖాళీ ఉంటుంది. ఫ్లైవీల్‌ని ముందువైపుకి నొక్కిపట్టి, ఆ నొక్కు వదలకుండా తిప్పు. స్పార్క్ ప్లగ్గులు తీసేస్తే చేత్తోనే తిరుగుతుంది.

మూడో_పెడల్
నొక్కిపట్టి తిప్పాను, చుట్టంతా కలిపి 0.05 దాటలేదు. క్లచ్ ఎక్కిస్తున్నా.

చెక్_ఇంజన్_లైట్
మధ్యలో నాదొక సందేహం. నా ఇంజన్ బ్లాకు అల్యూమినియం, గేజ్ మాగ్నెట్ స్టాండ్ ఎక్కడా అతుక్కోదు. ఎలా కొలవాలి?

లేత్_మామయ్య
బెల్‌హౌసింగ్ బోల్టు రంధ్రంలో ఒక మందపాటి ఇనుప పట్టీ బిగించు, స్టాండ్ దాని మీద పెట్టు. పట్టీ పల్చగా ఉంటే అది వంగి అంకెలు తప్పు చూపిస్తుంది, కనీసం ఆరు మిల్లీమీటర్ల మందం ఉండాలి.